రోహిణి కార్తెలో రెండు క్యాన్లు

కాలువలకు నీళ్ళు వదిలేలోగా ఆయిల్ ఇంజనునూ మందుకొట్టే స్ప్రేయరునూ సిద్ధం చేసుకోవడం మాకు ఏటా ఉన్న పనే. ఈసారి మాత్రం వాటికన్నా ముందు, వాటికి డీజిలూ పెట్రోలూ మోసుకొచ్చే రెండు ఇనుప జెర్రీక్యాన్ల సంగతి తేల్చాలనుకున్నాను. ఒకటి నాన్నగారి కాలం నాటిది. ఆయన ఉన్నన్నాళ్ళూ అందులో డీజిలు తప్ప మరొకటి పోయనివ్వలేదు. రెండోది మూడేళ్ళ క్రితం పాత ఇనుము కొట్లో నేను బేరమాడి తెచ్చుకున్నది. తెచ్చిన రోజునే మూత తీసి చూస్తే లోపల ఇటుకపొడి చల్లినట్టుగా ఉన్నది.

నిన్న, ఈ రోజు పూర్తిగా ఈ పనికే సరిపోయాయి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కదా, అంత ఎండా నాకు కావలసింది తడి ఆరడం కోసమే.

నిరుడు ఇదే రెండో క్యానును బాగుచేయబోయి చేసిన తెలివితక్కువ పనిని ఇక్కడ రాసుకోవడం మంచిది. బాత్రూములు కడిగే యాసిడ్ పోసి అరగంట కుదిపితే లోపలంతా వెండిలా మెరిసింది. సంతోషంతో నీళ్ళతో కడిగి, బోర్లించి, భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఆ మెరుపు పసుపు రాసిన గడపలా మారిపోయింది, మర్నాటికి మళ్ళీ ఎర్రటి తుప్పు. ఆ యాసిడ్ తుప్పును వేగంగానే తింటుంది గాని, దానితోపాటు మంచి ఇనుమునూ తింటుంది. అతుకుల సందుల్లో మిగిలిన చుక్క వల్ల తుప్పు రెట్టింపు వేగంతో తిరిగి వస్తుంది. పైగా దాని ఆవిరి తగిలి ఆ గదిలో ఉన్న నా పానాలూ పటకారూ కూడా తుప్పుపట్టాయి. అంతటితో ఆగక, ఆ తుప్పు మీదనే మామూలు ఇనామిల్ పెయింటు పోసి తిప్పాను. నెల తిరక్కుండానే పెట్రోలుకు ఆ పెయింటు మెత్తబడి పొరలు పొరలుగా లేచి, స్ప్రేయరు కార్బురేటరులోకి చేరింది. బాగుచేసినతను సన్నటి జెట్టులోంచి ఆకుపచ్చ రంగు పొట్టు తీసి అరచేతిలో పెట్టి, "మేష్టారూ, పెట్రోలుకు రంగులేయించారా?" అని అడిగాడు.

అందుకని ఈసారి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, తెచ్చాను. ఒక్కో క్యానుకు ఒక కిలో చొప్పున, ఇరవై లీటర్ల నీటిలో కలిపితే నూటికి ఐదు పాళ్ళు అవుతుంది. ఇది నెమ్మదిగా, ఒక రాత్రంతా, తుప్పును విడదీసి నీటిలో కలుపుకుంటుంది. ఇత్తడి బిందెలకు చింతపండు ఎందుకు రుద్దుతారో తెలిసిన ఇంట్లో ఈ పద్ధతికి పెద్ద వివరణ అక్కరలేదు, రెంటిలోనూ పనిచేసేది పులుపే.

అయితే నిమ్మ ఉప్పు పోసేముందు లోపలి వదులు తుప్పును రాల్చాలి, అంతకన్నా ముందు పాత చమురు వాసన పూర్తిగా పోవాలి. జిడ్డు ఉన్న చోట పులుపు ఇనుమును తాకదు. సబ్బుపొడి కలిపిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాను. ఆ కడుగునీళ్ళను మొక్కల పాదుల్లో పోయకుండా విడిగా పాత బకెట్టులో ఉంచాను. తరువాత పిడికెడు కంకరచిప్సూ, ముక్కలుగా విడదీసిన పాత సైకిలు చైనూ, కొద్దిగా సబ్బునీళ్ళూ లోపల వేసి కుదపాలి. నాలుగు కిలోల క్యాను, లోపలి సరంజామాతో కలిపి ఏడెనిమిది కిలోలు. దాన్ని చేతులతో అరగంట ఊపే ఓపిక ఈ వయసులో నాకు లేదు. మామిడికొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, క్యానును అందులో పడుకోబెట్టి, కూర్చుని తాడు లాగాను. మా మనవడు వచ్చి, "తాతయ్యా, ఇది ఏడుస్తోందా?" అని అడిగాడు. లోపల రాళ్ళు చేస్తున్న రొద వింటే వాడి అనుమానంలో తప్పేమీ లేదు. పావుగంటకోసారి వైపు మార్చి పడుకోబెట్టకపోతే ఒక్క పక్కే శుభ్రపడుతుంది.

ఆ ఉయ్యాల ఊపుతున్నంతసేపూ క్యాను తయారీనే చూస్తూ కూర్చున్నాను. దీన్ని 1930ల చివర్లో జర్మనీ సైన్యం కోసం రూపొందించారు. జర్మన్లను బ్రిటిష్ సైనికులు 'జెర్రీ' అనేవారు గనుక ఈ పేరు వచ్చింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వారి పల్చటి రేకు డబ్బాలు కారిపోతూ పెట్రోలంతా ఇసుకపాలవుతుంటే, శత్రువు దగ్గర దొరికిన క్యాన్లను దాచుకుని వాడుకున్నారు, ఆ తరువాత అచ్చంగా అలాగే తయారుచేసుకున్నారు. పైన మూడు పిడులు ఎందుకో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు: నిండు క్యానును ఇద్దరు చెరో పక్క పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కొక్క చేత్తో రెండేసి పట్టుకుపోవచ్చు. పక్కల మీద ఉన్న గుణకారపు గుర్తులాంటి గాడి అందం కోసం కాదు. ఎండకు లోపలి చమురు వ్యాకోచించినప్పుడు రేకు చిట్లకుండా పొంగడానికి. పిడుల కింద గాలి మిగిలేలా చేసిన ఖాళీ వల్ల నిండుగా ఉన్న క్యాను కూడా నీళ్ళ మీద తేలుతుంది. రెండు చిప్పలను కలిపి వేసిన ఆ వెల్డింగు గాడి లోపలికి ఉంటుంది గనుక దెబ్బ తగలదు గాని, మన తిప్పలన్నీ అక్కడే. తడి నిలిచేదీ, తుప్పు మొదలయ్యేదీ ఆ అడుగు అతుకులోనే.

నిన్న సాయంత్రం రెండు క్యాన్లలోనూ నిమ్మ ఉప్పు నీళ్ళు మూతి దాకా నింపి, వంటింటి వెనక గచ్చు మీద పెట్టాను. మూత బిగించలేదు. పులుపు ఇనుమును తాకినప్పుడు హైడ్రోజన్ బుడగలు వస్తాయి, వాటికి దారి ఉండాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. ఈ ఉదయం లేచి చూస్తే నాన్నగారి క్యాను కింద గచ్చు పొడిగా ఉన్నది. రెండోదాని కింద మాత్రం సిమెంటు మీద అరచేయంత మేర తెల్లటి మచ్చ, పులుపుకు గచ్చు పొంగినట్టు. క్యానును వంచి అడుగు అతుకును బట్టతో తుడిచి కాసేపు చూస్తూ కూర్చుంటే, చీమ తలంత బొట్టు ఒకటి ఊరి, పెద్దదై, జారింది, మళ్ళీ ఊరింది. ఇన్నాళ్ళూ ఆ చిల్లును మూసిపెట్టి ఉంచింది తుప్పే.

ఎదురింటి అబ్బాయి అది చూసి, "బాబాయ్, ఒక్క బొట్టు వెల్డింగ్ పెట్టిస్తే పోతుంది కదా" అన్నాడు. చమురు పోసిన పాత్రను, అది ఎంత ఖాళీగా కనిపించినా, వెల్డింగుకు తీసుకెళ్ళకూడదని అతనికి గట్టిగానే చెప్పాను. నిండు పాత్రకన్నా ఖాళీ పాత్రే ఎక్కువ ప్రమాదం. అతుకు సందులో దాగిన చెంచాడు పెట్రోలు ఆవిరై గాలితో కలిస్తే చాలు. లోపల ఎలా ఉందో చూడడానికి అగ్గిపుల్ల గీసేవాళ్ళను నేను ఎరుగుదును కాబట్టి, టార్చిలైటుతో మాత్రమే చూడాలని కూడా చెప్పాను.

ఆ చిల్లుతో నా లెక్కంతా తారుమారైంది. కొత్తగా పూత పూసిన రెండోదాన్ని పెట్రోలుకూ, పాతదాన్ని ఎప్పటిలాగే డీజిలుకూ వాడాలని మొదటి ఆలోచన. కాని చిల్లుకు మాటు వేసిన పాత్రలో పెట్రోలు పోసి పశువుల పాక పక్కన పెట్టి నిద్రపోవడం నాకు చేతకాదు. గట్టి క్యాను పెట్రోలుకు, మాటు వేసిన క్యాను డీజిలుకు అని మార్చుకున్నాను. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు నూటికి ఇరవై పాళ్ళు కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్ళతో సహా అడుగుకు దిగుతుంది. సగం ఖాళీ క్యానులో ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. అయినా నా స్ప్రేయరుకు లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి గనుక, తెచ్చిన ఇరవై లీటర్లలోనూ వెంటనే 800 మిల్లీలీటర్లు కలిపేస్తే, లోపలి ఇనుముకు ఆ జిడ్డే కాపు. పూత అక్కరలేని చోట పూత వేయడం మరో తలనొప్పిని కొని తెచ్చుకోవడమే. అది ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. చట్టం ప్రకారం కూడా లైసెన్సు లేకుండా సొంతానికి 30 లీటర్ల వరకే పెట్రోలు ఉంచుకోవచ్చు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించకూడదు. నా ఒక్క క్యాను ఆ హద్దులోనే ఉన్నది.

పది గంటలకు రెండింటిలోని నీళ్ళూ పారబోశాను; పలచటి ఆకుపచ్చ కషాయంలా ఉన్నాయి. వెంటనే వంటసోడా నీళ్ళు పోసి తిప్పాను, పులుపు మిగిలితే అది నురగై తెలుస్తుంది. తరువాత మంచినీళ్ళు. ఇక్కడినుంచి అంతా పరుగే. శుభ్రపడిన ఇనుము ఎంత పచ్చిగా ఉంటుందంటే, తడి మీద ఐదారు నిమిషాల్లో పసుపు పొర ఎక్కడం మొదలవుతుంది. గ్లాసుడు అసిటోన్ పోసి తిప్పి, అది నీటిని తనతో కలుపుకోగానే ఒంపేసి, క్యాన్లను ఎండలో మూతి వాలుగా పెట్టి, సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టాను. ఇట్టే అంటుకునే ఆ ఆవిరి ఉన్నంతసేపూ జుట్టు ఆరబెట్టే యంత్రంలాంటివి దగ్గరికి రానివ్వకూడదు. పన్నెండు గంటలకు క్యాను చేత్తో తాకలేనంత కాలింది. లోపల ఎక్కడా పసుపు లేదు, బూడిదరంగు మాత్రమే. నాన్నగారి క్యానులో అప్పుడే గరిటెడు ఆయిలు పోసి అన్ని మూలలకూ పట్టేలా తిప్పి మూత పెట్టేశాను.

రెండోదానికి ఎపాక్సీ పూత. రెండు డబ్బాల్లో వచ్చే ఆ మందును కలిపాక అది గట్టిపడేలోపు అరగంటే వ్యవధి, అదీ చల్లటి వేళ. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ సమయం ఇంచుమించు సగమైపోతుంది. ఇనుము ఆరడానికి ఎండ కావాలి, పూతకు నీడ కావాలి. మరీ ఆలస్యం చేస్తే సాయంత్రం కోనసీమ గాలిలోని తేమ చల్లబడిన ఇనుము మీద చెమ్మగా దిగుతుంది. నాలుగున్నరకు, క్యాను ఇంకా నులివెచ్చగా ఉన్నప్పుడు, మందు డబ్బాలను చల్లని నీళ్ళ గిన్నెలోంచి తీసి, చిల్లు మీద బయట ఎమ్‌సీల్ ముద్ద అద్ది, పావులీటరు మందు కలిపి లోపల పోశాను. అప్పుడు గుర్తుకు వచ్చింది: మూతి పక్కన గాలి వెళ్ళే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, పూత అందులోకి వెళితే ఆరి మూసుకుపోతుంది, ఆపై క్యాను ఒంపినప్పుడల్లా గడగడమని వెక్కిళ్ళే. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి, గ్రీజు పూసి, గొట్టంలోకి దూర్చాను. అడుగు, పక్కలు, భుజాలు, మళ్ళీ అడుగు, అతుకు వెంబడి రెండుసార్లు నిలిపి తిప్పి, మిగిలిందంతా ఒంపేసరికి మందు తేనెపాకంలా సాగుతున్నది. ఇంకో ఐదు నిమిషాలైతే అడుగున గడ్డకట్టేది.

ఇక మూతల రబ్బరు వాషర్లు. నాన్నగారు సైకిలు ట్యూబును కత్తిరించి వేసేవారు. డీజిలు తగిలి అది ఉబ్బి మెత్తబడి పోతే, మళ్ళీ ఏడాదికొకటి కత్తిరించేవారు. నేను ఇంజన్ల సామాన్ల కొట్లో చమురుకు తట్టుకునే నైట్రైల్ రబ్బరువి రెండు తెచ్చాను. అవి నిన్ననే వేసి ఉంటే బాగుండేది, ఎందుకంటే ఉయ్యాల ఊగుతున్నప్పుడు పాత వాషరు సందులోంచి ఎర్రటి నీళ్ళు కారుతున్న సంగతి నేను గమనించలేదు.

సుద్దముక్కతో క్యాను మీద ఈనాటి తారీఖు వేసి, వారం దాకా ముట్టవద్దని రాశాను. ఇంట్లోకి వచ్చేసరికి మా ఆవిడ చావిట్లో నిలబడి ఉన్నది, చేతిలో చీర, చీరంతా తుప్పు మరకలు. "పాతదంటే నాకు అక్కరలేనిదనుకున్నారా అండీ?" అన్నది. పొట్లంలో అడుగున మిగిలిన గుప్పెడు నిమ్మ ఉప్పు ఇచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టమన్నాను. "మీరే నానబెట్టండి" అని చీరను బకెట్టులో వేసి వెళ్ళింది. ఇది రాస్తున్నంతసేపూ అది నానుతూనే ఉన్నది. అంచు దగ్గర మరకలు కాస్త లేచాయి, కొంగు మీదవి ఇంకా అలాగే ఉన్నాయి.