ప్లాసిబోయా, మందా అని ఆరా తీయకండి

ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టర్‌కీ తెలియకుండా మందుని పరీక్షించేది బ్లైండెడ్ ట్రయల్. అందులో చేరిన రోజు నుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: ఆయనకి ఇస్తున్నది అసలు మందా, ప్లాసిబోయా (చూడ్డానికి మందులాగే ఉండే ఉత్తి మాత్ర)? (ఆయన అని రాస్తున్నాను, ఆవిడైనా అంతే.) ఆ జవాబు ఇంట్లో దొరకదు. దొరక్కుండా ఉండేలాగే ట్రయల్‌ని కట్టారు. పక్కనున్న మనిషికి దానికన్నా పెద్ద పనులున్నాయి.

ఉదాహరణకి హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్) మందు టెలాప్రెవిర్ మీద 2008లో మొదలైన ట్రయల్ 'అడ్వాన్స్' తీసుకుందాం. ఆ మందు ఇప్పుడు లేదు, 2014లో అమ్మకం ఆపేశారు. హెపటైటిస్ సి కి ఇంజెక్షన్ అక్కర్లేని మాత్రలొచ్చాయి. మన దేశంలో 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే ఇస్తున్నారు. అయినా బ్లైండెడ్ ట్రయల్ ఇంటి మీద ఎంత బరువు పెడుతుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు కనిపించలేదు. పైగా హెపటైటిస్ బి, డి ట్రయల్స్‌లో ఇంటర్‌ఫెరాన్ (వైరస్ మీద ఒంటి పోరాటాన్ని పెంచే ఇంజెక్షన్) ఇంకా వాడుతూనే ఉన్నారు.

అడ్వాన్స్‌లో అందరికీ వారానికో పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ (180 మైక్రోగ్రాములు), రోజూ రిబావిరిన్ అనే వైరస్ మాత్రలు (బరువు 75 కిలోల లోపైతే 1000 మి.గ్రా., ఆపైన 1200). దాని మీద 8 గంటలకోసారి 750 మి.గ్రా. టెలాప్రెవిర్, లేదంటే అచ్చం అలాగే ఉండే ప్లాసిబో. ఒక గ్రూపుకి 12 వారాలు మందు. ఇంకో గ్రూపుకి 8 వారాలు మందు, తర్వాత 4 వారాలు ప్లాసిబో. మూడో గ్రూపుకి పూర్తిగా ప్లాసిబోనే. వైరస్ నయమైనవాళ్లు వరుసగా 75, 69, 44 శాతం. అంటే ప్లాసిబో పడినా ఉత్త చేతులతో వదిలేసినట్టు కాదు, ఆనాటికి ఉన్న వైద్యమంతా అందుతూనే ఉంది.

ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి కాబట్టి అసలు మందే అనుకుంటారు. ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) లేబుల్ ప్రకారం దద్దుర్లు టెలాప్రెవిర్ వాడినవాళ్లలో 56 శాతం మందికి వస్తే, ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్ మాత్రమే వాడినవాళ్లలోనూ 34 శాతం మందికి వచ్చాయి. నీరసం 56, 50. వీటిని పట్టుకుని ఏం తేలుస్తాం? 24 వారాలకే "వైరస్ లేదు, చికిత్స ఇక్కడితో చాలు" అంటే మాత్రం సంగతి తెలిసిపోయినట్టే, ఎందుకంటే ప్లాసిబో గ్రూపుకి పూర్తి కోర్సు 48 వారాలు. 48 దాకా సాగితే ఏమీ తేలదు. మందు తీసుకుంటున్నా వైరస్ ఆలస్యంగా తగ్గినవాళ్లకీ అన్ని వారాలే.

బయటి ల్యాబ్‌లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేయించకండి. ఇలాంటి ట్రయల్స్‌లో మొదట్లో ఆ అంకె డాక్టర్‌కి కూడా చూపించరు. అది తెలిస్తే బ్లైండింగ్ అక్కడితో పోయినట్టే.

ఇక వంటింటి పని. టెలాప్రెవిర్ మాత్ర ఖాళీ కడుపున వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. ప్రతి డోసుకీ ముందు అరగంటలోపు 20 గ్రాముల కొవ్వున్న తిండి పడాలి. మూడు ఇడ్లీలు, సాంబారు తిన్నారంటే కడుపు నిండుతుంది గానీ కొవ్వు దాదాపు సున్నా. అదే ఇడ్లీల మీద కారప్పొడి వేసి ఒక పెద్ద చెంచా (15 మి.లీ.) నెయ్యి పోస్తే 13, 14 గ్రాములొస్తాయి. గుప్పెడు (30 గ్రాములు) వేరుశెనగ గుళ్లలో ఇంకో 14. రెండూ కలిస్తే డోసుకి సరిపోతుంది. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని టైం పెట్టుకుంటే నిద్ర చెడదు. నోరు చేదెక్కి తిండి సహించనప్పుడు రాత్రి డోసే ఎక్కువగా తప్పిపోతుంది, అందుకని పల్లీ ఉండలు మంచం పక్కన ఉంచండి. డోసు మరిచిపోయి 4 గంటలు దాటకపోతే తిండితో వేసుకోవచ్చు, దాటితే వదిలేసి తర్వాతి టైముకే వేసుకోవాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, ఒంట్లో మందు పలచబడితే దానికి లొంగని వైరస్ రకాలు పైకొస్తాయి. తప్పిన డోసుని డైరీలో తప్పిందనే రాయండి. ఖాళీ సీసాలు కూడా పారేయకూడదు, క్లినిక్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు.

నేల ఉసిరి, కామెర్ల పసరు లాంటివి ఎవరు పంపినా క్లినిక్‌లో ట్రయల్ చూసుకునే కోఆర్డినేటర్‌ని అడగకుండా ఇవ్వకండి. కొలెస్ట్రాల్ మాత్రల్లో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ టెలాప్రెవిర్‌తో కలిపి అసలు వాడకూడదు.

ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. వేసిన కొన్ని గంటలకి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి కాబట్టి చాలామంది శుక్రవారం రాత్రికి పెట్టుకుంటారు.

శరీరం సంగతి రక్తపరీక్షలు చూసుకుంటాయి. హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గితే రిబావిరిన్ రోజుకి 600 మి.గ్రా.కి తగ్గిస్తారు, 8.5 కన్నా తగ్గితే ఆపేస్తారు. మనసు సంగతి చూడాల్సింది మీరే. ఇంటర్‌ఫెరాన్ తెచ్చే దిగులు ఆయనకంటే ముందు మీకు కనిపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చోవడం, పిల్లలు గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే కసురుకోవడం, అన్నదమ్ములు ఫోన్ చేసినా ఎత్తకపోవడం. క్లినిక్‌లో అడిగితే "బాగానే ఉన్నానండీ" అంటారు. అందుకే ప్రతి విజిట్‌కీ మీరూ వెళ్లండి, తేదీలు వేసి రాసుకున్న కాగితం కోఆర్డినేటర్ చేతికివ్వండి. ఇది ఆయన మీద చాడీ చెప్పడం కాదు. దిగులుకి మందు ఇస్తూనే ట్రయల్ కొనసాగించొచ్చు. "ఎందుకీ బతుకు" అన్న మాట వినపడితే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ట్రయల్ కార్డు ఆయన పర్సులో ఒకటి, మీ పర్సులో ఒకటి ఉండాలి. దాని మీద 24 గంటల ఫోన్ నంబరు ఉంటుంది. ప్రాణం మీదికొచ్చి, ఏ గ్రూపో తెలిస్తేనే వైద్యం సాగుతుందనుకున్నప్పుడు డాక్టర్లు ఆ నంబరుకి చేసి బ్లైండింగ్ విప్పించుకుంటారు.

సంతకం పెట్టకముందే అడగాల్సినది ఒకటుంది: ప్లాసిబో పడి నయం కాకపోతే తర్వాత అసలు మందు ఇస్తారా? జవాబు కాగితం మీద ఉండాలి. తర్వాత హెపటైటిస్ సి మాత్రల మీద జరిగిన 'ఆస్ట్రల్-1' ట్రయల్‌లో ప్లాసిబో పడిన 116 మందికీ ఆ అవకాశం ఇచ్చారు.

అడ్వాన్స్‌లో మందులు ఆపాక ఇంకో 24 వారాలకి చేసిన పరీక్షలో వైరస్ కనపడకపోతేనే నయమైనట్టు లెక్క. రిబావిరిన్ వల్ల గర్భంలో బిడ్డకి ప్రమాదం, వేసుకున్నది భర్త అయినా సరే. కాబట్టి చికిత్స నడిచినన్నాళ్లూ, ఆపాక డాక్టర్ చెప్పినన్ని నెలలూ గర్భం రాకుండా రెండు రకాల జాగ్రత్తలు నడుస్తూనే ఉండాలి.