పద్నాలుగు డాలర్లు, ఒక దండెం

ముప్పై ఒక్కేళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగున మొత్తం చూసి, తర్వాత పైనుంచి ఒక్కో లైనుకీ టిక్కు పెట్టుకుంటూ రావడం అలవాటు. మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్‌లో చేరినప్పుడు పంపిన ఫీజుల జాబితా మీద కూడా పెన్సిలు పెట్టుకునే కూర్చున్నాను. లోను మా పేరు మీదే కదా. హెల్త్ ఇన్సూరెన్స్, బస్సు, లైబ్రరీ, అన్నీ అర్థమయ్యాయి. పర్యావరణం పేరుతో మాత్రం రెండు చిన్న పద్దులున్నాయి. రెండూ కలిపి సెమిస్టర్‌కి 14 డాలర్లు.

"ఇదేంట్రా?" అని ఫోన్ చేశాను.

"ఏమోనమ్మా, అందరూ కడతారు" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను బీకాం చదివేటప్పుడు మేమూ గార్డెన్ ఫీజు కట్టాం, అందరూ కడతారనే. మూడేళ్లలో ఆ కాలేజీలో నేను చూసిన గార్డెనల్లా ప్రిన్సిపాల్ గది ముందు రెండు క్రోటన్ కుండీలు. అందుకని కిందటేడు సెప్టెంబరులో వాణ్ణి చూడ్డానికి బయల్దేరినప్పుడు, పచ్చళ్లూ కారప్పొడులతోపాటు ఈ 14 డాలర్ల సంగతి కూడా మూటగట్టుకునే వెళ్లాను.

షికాగో నుంచి దక్షిణంగా రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. అర్బానా, షాంపేన్ అని రెండు ఊళ్లు. మనకి తెనాలి పక్కన ఇంకో తెనాలి ఉన్నట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్యలో ఇలినాయ్ యూనివర్సిటీ. దారంతా మొక్కజొన్న, సోయా, మళ్లీ మొక్కజొన్న. డెల్టాలో పుట్టినదాన్ని, చదునైన నేల నాకు కొత్త కాదు. కానీ గట్టు కనపడని చదును అక్కడే చూశాను. ఒక్క తాడిచెట్టు లేదు, ఒక్క కాలవ లేదు. చేనుకీ చేనుకీ సరిహద్దు ఎలా తెలుస్తుందా అని షాంపేన్ దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

క్యాంపస్ నడిబొడ్డున కూడా మొక్కజొన్నే. మారో ప్లాట్స్ అంటారు, 1876 నుంచి ఆపకుండా పంట వేస్తున్న ప్రయోగపు మడి. అమెరికా ఖండాల్లో ఇంతకంటే పాతది లేదట. పక్కనే 1969లో లైబ్రరీ కట్టాల్సి వచ్చినప్పుడు, భవనం నీడ పడితే పైరు దెబ్బతింటుందని లైబ్రరీని భూమి లోపల కట్టారు. మా అబ్బాయి ఇది చెబితే మొదట నమ్మలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే నిజమే, మొక్కజొన్న దర్జాగా ఎండ కాచుకుంటోంది. పుస్తకాల కోసం కట్టిందేమో నేల కింద.

అసలు పని మర్నాడు మొదలైంది. వాడి హాస్టల్లో ఉండే పుణె అమ్మాయి ఒకతె ఆ డబ్బులు పంచే కమిటీలో ఉందని తెలిసింది. స్టూడెంట్ సస్టైనబిలిటీ కమిటీ అంటారు. వాడి గది పక్క గదే. రెండు సెమిస్టర్లుగా వీడికి తెలీదు! సున్నుండలు ఇచ్చి కూర్చోబెట్టాను.

"2003లో విద్యార్థులే ఓటేసి ఈ ఫీజు పెట్టుకున్నారు ఆంటీ. అప్పుడు 2 డాలర్లు" అని మొదలుపెట్టింది. తర్వాత మళ్లీ ఓటింగ్ పెట్టి పెంచుకున్నారట. ఫీజులు పెంచితే ధర్నా చేసే విద్యార్థుల్ని చూశాను. మా ఫీజు పెంచండి అని ఓటేసినవాళ్ల గురించి వినడం అదే మొదలు. మనిషికి పద్నాలుగే అయినా వేల మంది కదా, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటుతుంది. విద్యార్థి గానీ, లెక్చరర్ గానీ, ఆఫీసు ఉద్యోగి గానీ, ఎవరైనా ఒక ఆలోచన పట్టుకొచ్చి అడగొచ్చు. ముందు చిన్న దరఖాస్తు. అది నచ్చితే లెక్కలతో పూర్తి దరఖాస్తు. విద్యుత్తు, నీళ్లూ నేలా, తిండీ చెత్తా, ప్రయాణాలు, ఇలా విడివిడి బృందాలు కూర్చుని పరిశీలిస్తాయి. లెక్చరర్లూ సిబ్బందీ తోడుంటారు గానీ పెత్తనం పిల్లలదే. ఎవరికెంత ఇచ్చారో ఎవరైనా చూసుకోవచ్చు.

"దరఖాస్తులో మీరు ముందు చూసేదేంటమ్మా?" అని అడిగాను. లోను ఫైళ్లు చూసిన చెయ్యి, ఊరుకోదు.

"రెండేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు అని" అంది.

నేను ఇంకో సున్నుండ ఇచ్చాను. మన దగ్గర పర్యావరణ దినోత్సవం నాడు మొక్క నాటి ఫొటో దిగే ప్రతివాళ్లనీ అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఆ ప్రశ్న అక్కడ ఎందుకు ముఖ్యమో విద్యార్థుల పొలం దగ్గర అర్థమైంది. 2009లో ఈ కమిటీ డబ్బుతోనే మొదలుపెట్టిన పొలం. పండినవి యూనివర్సిటీ మెస్సులకి వెళతాయి, కొన్ని గురువారం క్యాంపస్ మధ్య పచ్చికలో బల్ల వేసి అమ్ముతారు. మెడకి చెమట పట్టిన ఒక కుర్రాడు నాకు టమాటాలు తూచి ఇచ్చాడు. గోళ్ల నిండా మట్టి. కాయలు ఒక్కటీ గుండ్రంగా లేవు, తొడిమ దగ్గర పగుళ్లు, వాసన మాత్రం మా చిన్నప్పటి నాటు టమాటా వాసన. అప్పుడు తట్టింది. అక్కడ మే నెలలో సెలవులిస్తే మళ్లీ ఆగస్టు చివరికి గానీ తెరవరు. ఆ ప్రాంతంలో పైరు జోరుగా పెరిగేదే ఆ మూడు నెలల్లో! విత్తిన చేతులు ఇంటికి పోతే కలుపు తీసేదెవరు? అందుకే జీతం తీసుకునే మేనేజర్ని పెట్టుకున్నారు, పిల్లలు కొందరు వేసవిలో ఉండి కూలీ తీసుకుని పనిచేస్తారు. ఉత్సాహం ఉచితంగా దొరుకుతుంది గానీ నీళ్లు పెట్టే మనిషికి జీతం ఇవ్వాలి. ఆ రాత్రి ఆ టమాటాలతోనే పప్పు చేశాను. మావాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

సోలార్ ఫారాలు రెండూ ఊరి దక్షిణపు అంచున. సైకిల్ మీద వెళదామన్నాడు గానీ, వాడి సెకండ్ హ్యాండ్ సైకిల్ చైను దారిలోనే ఊడింది. దాన్ని క్యాంపస్ బైక్ సెంటర్‌కి నడిపించుకుంటూ వెళ్లాం. అక్కడ పనిముట్లు ఇస్తారు, ఎలాగో చూపిస్తారు, చెయ్యాల్సింది మాత్రం మనమే. ఇరవై మూడేళ్ల వెధవ మొదటిసారి చేతికి గ్రీజు పూసుకున్నాడు. ఫొటో తీసి వాళ్ల నాన్నకి పంపాను.

చివరికి ఒక స్నేహితుడి కారులో వెళ్లాం. మొదటి ఫారం 2015 చివర్లో వచ్చింది, దాదాపు 21 ఎకరాలు, 5.87 మెగావాట్లు. కంచె ఇవతల నిలబడితే నల్లటి పలకలు వరుసలు వరుసలుగా, వేసంకాలం ఆరబెట్టిన అప్పడాల చాపల్లా. దీనికి కమిటీ ఇచ్చింది పది లక్షల యాభై వేల డాలర్లు. నేను అక్కడే లెక్క కట్టాను: డెబ్బై ఐదు వేల పద్నాలుగులు. ఒక్క ప్రాజెక్టుకే! రెండోది 2021లో మొదలైంది, 54 ఎకరాలు. ఆ పలకలు సూర్యుడితోపాటు తిరుగుతాయి, రెండు వైపులా వెలుతురు పట్టుకుంటాయి. కింద తేనెటీగల కోసం పూలమొక్కలు.

చూడ్డానికి గొప్పగానే ఉంది. కానీ నాకు ఒక పేచీ మిగిలింది. ఈ కరెంటు వాడుకునేది యూనివర్సిటీ. ఎటూ కట్టాల్సిన బిల్లుకి పిల్లల చందా ఎందుకు? రాత్రి ఆ అమ్మాయిని అడిగేశాను. ఆమెకి కోపం రాలేదు. "మేమూ అదే గొడవ పడతాం ఆంటీ. మా డబ్బు లేకపోతే అసలు కదలదు అన్నచోటే ఇవ్వాలని కొందరు, పెద్దదాంట్లో పెడితేనే లెక్కలో కనపడుతుందని కొందరు" అంది. పెద్దవన్నీ నిలవవు కూడా. యూనివర్సిటీ పొలాల్లో గాలిమర పెట్టాలని ఏళ్లతరబడి తిరిగి, చివరికి మానుకున్నారు. నా ఓటయితే చిన్నవాటికే.

ఒకటి మాత్రం నాకు భలే నచ్చింది, రివాల్వింగ్ లోన్ ఫండ్. పాత లైట్లు తీసి కొత్తవి వేయడం లాంటి పనులకి అప్పు ఇస్తారు. తగ్గిన కరెంటు బిల్లులోంచి ఆ అప్పు తీరుతుంది, తీరిన డబ్బు ఇంకో బిల్డింగుకి వెళుతుంది. ఈ మూలనిధిలో కమిటీ వాటా కూడా ఉంది. ఇది వినగానే నాకు మా బ్రాంచి ముందు వరండాలో శుక్రవారం పూట కూర్చునే డ్వాక్రా ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఒకామె గేదె అప్పు తీరిస్తేనే ఇంకొకామెకి కుట్టుమిషను. వాళ్ల మినిట్స్ బుక్కులో వేలిముద్రల పక్కన లెక్క పైసాతో సహా సరిపోయేది. ఆ సంగతి పుణె అమ్మాయికి వివరంగా చెప్పాను. నోట్సు రాసుకుంది.

ఇక దండెం సంగతి. హాస్టల్ నేలమాళిగలో బట్టలకి వాషింగ్ మెషీన్లు, పక్కనే డ్రయ్యర్లు. బయట చూస్తే ఫెళ్లున ఎండ, గాలి. లోపల నాలుగు చొక్కాలకి ముప్పావుగంట కరెంటు. పైగా డబ్బులు. మూడో రోజుకి నాకు ఒళ్లు మండింది. వాడి కిటికీకీ బీరువా తలుపుకీ చున్నీ కట్టి ఆరేశాను. రూమ్మేట్ కుర్రాడు తువ్వాలు కింద నుంచి వంగి వెళుతూ "సారీ" అన్నాడు, ఎందుకో. అందుకే ఆ అమ్మాయితో సూటిగా అన్నాను: "21 ఎకరాల్లో కరెంటు పండించి, దాంతో ఎండలో ఆరే బట్టలు ఆరబెడుతున్నారు. హాస్టల్ వెనక ఒక దండెం కట్టించండి."

ఆమె నవ్వింది. తర్వాత ఆగి, దరఖాస్తు పెట్టొచ్చు అంది. ఆ వెంటనే ప్రశ్నలు. చలికాలం మంచులో ఏం చేస్తారు? హాస్టల్ వాళ్లు ఒప్పుకుంటారా? బట్టలు పోతే? తెగితే మళ్లీ ఎవరు కడతారు, మీ అబ్బాయి వచ్చే మేకి వెళ్లిపోతాడుగా? ఎన్ని లోన్లు ఇలాంటి ప్రశ్నలతో తిప్పి పంపానో! మంచుకి జవాబు చెప్పాను, ఆరు నెలలు ఆరేసినా లాభమే. మిగతావాటికి తడుముకున్నాను. మావాడు ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ అంతా వింటున్నాడు.

వెళ్లే ముందు రోజు రెడ్ ఓక్ రెయిన్ గార్డెన్ దగ్గర కాసేపు కూర్చున్నాం. పెద్ద ఓక్ చెట్టు కింద పల్లం. వాన నీళ్లు కాలిబాట మీద నిలవకుండా అక్కడికి జారి ఇంకుతాయి. దీనికీ కమిటీ డబ్బు ఇచ్చింది. ఆ పొద్దున్నే వాన పడింది. చిన్న వంతెన మీద నుంచి వంగి చూస్తే, నీళ్లు అప్పటికే ఇంకి గడ్డి మొదళ్ల చుట్టూ బురద గీత ఒక్కటి మిగిలి ఉంది. మా ఇంటి ముందు రోడ్డు మీద వారం రోజులు నిలిచే మడుగు గుర్తొచ్చి ఆ గీత కేసి చాలాసేపు చూశాను.

షికాగో రైలు కదిలి పావుగంట అయిందో లేదో, ఫోన్ మోగింది. మావాడి మెసేజ్.

"అమ్మా, ఫారం నింపుతున్నా. పక్క రూమ్ వాళ్లిద్దరు ఇంకా రెండేళ్లుంటారు, వాళ్ల పేర్లూ వేశా. దండెం కట్టడానికి నైలాన్ తాడా, జీఐ తీగా? ఎన్ని మీటర్లు?"

జీఐ తీగ, ప్లాస్టిక్ తొడుగున్నది అని రాశాను. మీటర్లు నువ్వే టేపు పెట్టి కొలువు అని కూడా రాశాను.