అవ్వ వంటలు మీలీలోకి: ఇంతవరకు అయిన పని

తిరుపతిలో మా ఇంటి డెస్క్‌టాప్‌లో మీలీ (Mealie) అనే వంటల యాప్ నడుస్తోంది, అవ్వ వంటల్ని అందులోకి ఎక్కిస్తున్నాను. లైనక్స్ మింట్ 22, 8 జీబీ ర్యామ్. వంటల యాప్‌కి ఇది ఎక్కువే, మీలీ వాళ్ళ నమూనా ఫైల్లోనే మెమరీ హద్దు 1000 ఎంబీ అని ఉంటుంది.

మీలీ డాకర్‌లో (యాప్‌ని దానికి కావలసినవన్నీ కలిపి ఒక పెట్టెలా నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. డాకర్, సెట్టింగుల ఫైలు చదివి దాన్ని నడిపే కంపోజ్ రెండూ మింట్ సాఫ్ట్‌వేర్ జాబితాలోనే దొరికాయి. మన యూజర్‌ని డాకర్ గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రావాలి, లేదంటే ప్రతిదానికీ సూడో (అడ్మిన్‌గా నడిపే కమాండ్) కొట్టాలి. కంపోజ్ ఫైల్లో టైమ్ జోన్ మార్చి, కొత్త ఖాతాలు తెరిచే వీలు ఆపేశాను. బ్రౌజర్ చిరునామా చివర వచ్చే పోర్టు నంబరు 9925 అలాగే ఉంచాను. మొదటి లాగిన్ పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే, వెంటనే మార్చేయండి. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే కీబోర్డు సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) పెట్టుకున్నాను.

ఇదంతా ఒక సాయంత్రం పని. టైమంతా తినేసింది కొలతలే. అవ్వది పలమనేరు వైపు. ఆమె లెక్కంతా పడి, సోల, చారెడు. మీలీలో ఇలాంటి కొలతలు మనమే చేర్చుకోవచ్చు. కానీ పదార్థాల లైన్లను విడగొట్టడానికి మామూలుగా వచ్చే పార్సర్ ఇంగ్లీషు కోసం చేసింది, తెలుగు లైను దానికి ఎక్కదు. అంకె, కొలత, పదార్థం ఒక్కొక్కటీ చేత్తో నింపాల్సిందే. విసుగే, కానీ అవి విడివిడిగా ఉంటేనే నలుగురి వంటని పదిమందికి పెంచినప్పుడు లెక్క మారుతుంది.

రాగి సంగటి సులువుగా ఎక్కింది: నూకలు 1 గ్లాసు, రాగి పిండి 1 గ్లాసు, నీళ్ళు 4 గ్లాసులు. మా స్టీలు గ్లాసు 200 మి.లీ. అని నోట్‌లో రాశాను. శెనక్కాయల పచ్చడి ఊరుబిండి దగ్గర ఆగిపోయాం.

"శెనక్కాయలు ఎన్నవ్వా?"

"రెండు పిడికిళ్ళు ఏసుకో నాయనా. మిరక్కాయలు మాత్రం చూసి ఏసుకోవాల, ఒక్కో కాయ ఒక్కో కారం ఉంటాది."

మిరపకాయలకు అంకె పెట్టకుండా ఆ మాటే నోట్‌లో పెట్టాను. ఎంతమందికి పెంచినా అది మారదు, మారకూడదు కూడా.

లింకు ఇస్తే వంటని లాక్కొచ్చే సదుపాయం ఉంది గానీ, ఆ పేజీలో రెసిపీ వివరాలు స్కీమా పద్ధతిలో (సాఫ్ట్‌వేర్ చదివేలా గుర్తులు పెట్టి) ఉండాలి. నేను చూసిన తెలుగు పేజీల్లో చాలావాటికి అది లేదు. చేత్తో కొట్టుకోవడమే నయం.

ఇంటి వైఫైలో ఉంటే ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది: కంప్యూటర్ ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు), దాని వెనక :9925. రౌటర్లో ఆ ఐపీ మారకుండా కట్టేయండి. కంప్యూటర్ సస్పెండ్ అయితే వంటింట్లో పేజీ రాదు కాబట్టి సస్పెండ్ అవకుండా ఆపేశాను. రోజంతా ఆన్‌లో ఉండాలంటే తిరుపతి ఎండలకి మేడ మీద గది పనికిరాదు, హాల్లోకి దించాం. కంపోజ్ ఫైల్లో రీస్టార్ట్ 'ఆల్వేస్' అని ఉంది కనుక కరెంటు పోయాక కంప్యూటర్ ఆన్ చేస్తే మీలీ తనే లేస్తుంది.

బ్యాకప్ అడ్మిన్ పేజీలో జిప్‌గా తయారవుతుంది. అదే డిస్కులో వదిలేస్తే ఏం లాభం, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.

ఇక నాటుకోడి పులుసు ఉంది. మసాలా నూరేముందు ఒక్కో దినుసూ తూకం వేయాలి, అవ్వ ఒప్పుకుంటే.