పిలాటిస్ బోధనా పరీక్ష: నా అనుభవం

మొన్న శుక్రవారం సంప్రదాయ పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతిని బోధించడానికి అర్హత పత్రం నా చేతికి వచ్చింది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా ఇంటి మేడగదిలో కూర్చుని, పడిన బాధ మనసులో పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను.

దరఖాస్తు, రుసుము, శరీర నిర్మాణం మీద రాతపరీక్ష నన్ను ఇబ్బంది పెట్టలేదు. శిక్షణ కోసం శనివారం తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లడం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం ఏడాదిలో అలవాటైపోయింది.

దీన్ని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ తన పద్ధతిని కంట్రాలజీ అని పిలిచేవాడు. 1945లో వెలువడిన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలను ఒక వరుసలో ఇచ్చాడు. హండ్రెడ్‌తో మొదలై పుష్ అప్‌తో ముగిసే ఆ వరుసను కాపాడుకునేదే సంప్రదాయ బోధన. ఆ 34నూ నేను తడుముకోకుండా చేయగలను. మా జట్టులో టీజర్, అంటే పిరుదుల మీద నిలిచి కాళ్లూ నడుమూ పైకెత్తే భంగిమ, నా అంత నిలకడగా పట్టినవారు లేరని ఇప్పటికీ చెప్పగలను. ఆ నేర్పే నన్ను ముంచింది.

బోధనా పరీక్షలో నాకు యాభై దాటిన ఒక స్త్రీని విద్యార్థినిగా ఇచ్చారు. నేను పక్క చాప మీద పడుకుని, ఆమెతోపాటు హండ్రెడ్ చేస్తూ, ఐదు లెక్కలకు గాలి పీల్చి ఐదు లెక్కలకు వదలమని చెబుతున్నాను. ఆ వ్యాయామంలో తల ఎత్తి సొంత బొడ్డునే చూడాలి కాబట్టి నేను నా బొడ్డునే చూస్తున్నాను. పడుకున్నచోటి నుంచి వెన్నును మెల్లగా చుట్టుకుంటూ లేవాల్సిన తరువాతి వ్యాయామం రోల్ అప్‌లో ఆమె భుజాలు చెవులదాకా లేపి, పాదాలు గాలిలోకి తేలుతుండగా ఊపుతో లేచి కూర్చుంటున్న సంగతి నా కంట పడనే లేదు. పరీక్షకురాలు చప్పట్లు కొట్టి ఆపి, పదిమంది ముందు, "మీ ఒళ్లు మేము చూశాం, ఆమె ఒళ్లు మీరు చూశారా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. మూడు నెలల తరువాత మళ్లీ రమ్మని, మళ్లీ రుసుము కట్టమని చెప్పి పంపేశారు. పరీక్షకురాలు చెప్పింది నిజమేనని ఒప్పుకుంటాను గాని, ఏ పాపమూ ఎరుగని ఆ విద్యార్థిని ముందు అలా అనడం మర్యాద కాదని, ఆ రెండో రుసుము అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ మూడు నెలలూ మా పిన్ని మీద సాధన చేశాను. నేను ఇంగ్లీషులో 'స్కూప్' అంటే, "అదేంటో నాకేం తెలుసు పాపా, తెలుగులో చెప్పు" అనేది. చీర కుచ్చెళ్లు దోపుకునేటప్పుడు పొట్ట లోపలికి తీసుకుంటావే, అలా తీసుకో అన్నాను. వెంటనే తీసుకుంది. చాప చుట్టినట్టు వెన్నును చుట్టుకుంటూ లేవమని, పరిచినట్టు ఒక్కొక్క ఎముకనూ ఆనిస్తూ దిగమని చెప్పాను. పూర్తిగా లేవలేకపోతే మోకాళ్లు వంచి, తొడల వెనుక చేతులతో పట్టుకుని సగందాకా దిగి వచ్చేది. రెండోసారి పరీక్షలో నేను ఒక్క నిమిషం కూడా చాప మీద పడుకోలేదు. ఉత్తీర్ణురాలినయ్యాను.

నేర్చుకోదలచినవారు డబ్బు కట్టే ముందు ఒక తరగతి చూడనివ్వమని అడగండి. అమెరికాలోనే 2000లో న్యూయార్క్ న్యాయస్థానం పిలాటిస్ అనేది వ్యాయామ పద్ధతి పేరే గాని ఒకరి వ్యాపార చిహ్నం కాదని తేల్చింది. కాబట్టి బోర్డు మీద పేరు చూసి దేన్నీ నిర్ణయించుకోకండి. బోధించేవారు తాము చేసి చూపుతూనే గంట గడిపేస్తుంటే అక్కడ చేరకండి. స్ప్రింగులతో జారే పలక ఉండే రిఫార్మర్ యంత్రం లేకుండా ఇది పిలాటిసే కాదని మా ఊరి వ్యాయామశాలలో ఒకాయన నన్ను తీసిపారేశాడు. ఆయన రోల్ అప్ చేయగా నేను చూడలేదు.

రేపు ఉదయం ఆరు గంటలకు నలుగురు వస్తున్నారు, పిన్నితో కలిపి. ఆమె మెడ మీద బరువు పడకుండా నడుము ఎత్తగలిగేదాకా కాళ్లను తల మీదుగా వెనక్కి తీసుకెళ్లే మూడో వ్యాయామం రోల్ ఓవర్ ఇవ్వను. రెండో దాని నుంచి నేరుగా నాలుగో దానికి తీసుకెళతాను.