14 పేటెంట్ల పట్టికతో ఆరు వారాలు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా వీడియో గేమ్‌ని విడుదల చేసే పబ్లిషర్ నుంచి "క్లియర్, ముందుకెళ్లొచ్చు" అని మెయిల్ వచ్చింది. ఆరు వారాల తర్వాత నిన్న రాత్రే కంటినిండా నిద్రపోయాను. మళ్లీ పనిలో పడితే మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

మా టీమ్‌లో ఇద్దరమే. కోడ్ నాది, బొమ్మలూ స్క్రీన్లూ నా స్నేహితుడివి. బండి నడుపుతూ సరుకులు చేరవేసే గేమ్. పైన ఒక బాణం దారి చూపిస్తుంది, దారిలో వస్తువుల మీద గుర్తు పెట్టి తోటి ప్లేయర్‌కి చూపించొచ్చు, వెంట ఒక చిన్న రోబో ఉంటుంది, దాన్ని ఎటు విసిరితే అటు వెళ్లి శత్రువు కనబడితే తనంతట తనే కొట్లాడుతుంది. లోడింగ్ అవుతున్నంతసేపూ ఆడుకోవడానికి ఒక బుల్లి ఆట కూడా పెట్టాం. ఒప్పందం, టెస్టింగ్, ఏజ్ రేటింగ్ అన్నీ సాఫీగా అయిపోయాయి. చివర్లో ఒక ఫారం వచ్చింది. ఈ గేమ్ కంట్రోల్స్, ఇంటర్‌ఫేస్ ఎవరి పేటెంట్‌నూ ఉల్లంఘించవని హామీ ఇవ్వాలి, తేడా వస్తే నష్టం మేమే భరించాలి. ఇద్దరు మనుషుల టీమ్ చేత ఇలాంటి సంతకం పెట్టించుకోవడం అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

పేటెంట్లు వెతకడం కష్టం కాదు, గూగుల్ పేటెంట్స్‌లో అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. వీడియో గేమ్స్‌కి ఎ63ఎఫ్ 13 అనే వర్గం ఉంది. దాని లోపల, డ్రైవింగ్ గేమ్‌లో మలుపు చూపే బాణంలాంటి వాటికి ప్రత్యేకంగా 13/5375 అని ఒక నంబరే ఉంది. అది చూడగానే నా గుండె జారిపోయింది. మూడు రాత్రులు కూర్చుని 14 పేటెంట్లతో పట్టిక తయారుచేశా. పక్కన రిమార్కుల కాలమ్ పెట్టి ఒక్కోదాని గురించి నాకేమనిపిస్తే అది రాశా. లోడింగ్ సమయంలో చిన్న ఆట మీద నామ్కో అనే గేమ్ కంపెనీ తీసుకున్న పేటెంట్‌ని మొదటి వరుసలో ఎర్ర రంగులో పెట్టి, ఆ రాత్రే మా బుల్లి ఆటని గేమ్‌లోంచి పీకేశా. అది మావాడి రెండు వారాల కష్టం. వాడు "తొందరెందుకురా, ఒకసారి అడుగుదాం" అన్నా నేను వినలేదు.

తర్వాత పబ్లిషర్ తరఫు లాయర్‌తో కాల్. లైన్లో మొత్తం ఆరుగురున్నారు. ఆవిడ పట్టిక తెరిచి మొదట అడిగిన మాట, "ఇందులో మీ గేమ్‌కి అడ్డొస్తున్న క్లెయిమ్ ఏదండీ?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే మొదట్లో ఇచ్చే సారాంశంలో ఉందండీ, నాలుగో బొమ్మ కూడా అచ్చం మాదానిలాగే ఉంది అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఆబ్‌స్ట్రాక్ట్‌ని బట్టి హక్కు రాదండీ. చివర్లో నంబర్లు వేసి వాక్యాలుంటాయి, అవే క్లెయిమ్స్. వాళ్ల హక్కు వాటి మేరకే. చదివారా?" అన్నారు. 14లో ఒక్కదానికీ నేను చివరి పేజీదాకా వెళ్లలేదు.

ఆ తర్వాత ఒక్కో వరుసా కొట్టేస్తూ పోయారు. నామ్కోది 2015లోనే గడువు తీరిపోయింది. బాణం మీద ఉన్నది సెగా అనే గేమ్ కంపెనీకి 2001లో వచ్చిన పేటెంట్, దాన్ని పట్టుకునే 2003లో వాళ్లు ఇంకో డ్రైవింగ్ గేమ్ తీసినవాళ్ల మీద కేసు వేశారు, చివరికి రాజీ అయింది, దాని గడువూ ఎప్పుడో దాటింది. గుర్తు పెట్టి చూపించే పద్ధతి మీద ఉన్నది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఇంకో గేమ్ కంపెనీది, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని, దావా వేయబోమని 2021 ఆగస్టులో ఆ కంపెనీయే ప్రకటించింది. ఐదింటి నంబర్ల చివర ఎ1 అని ఉంది, అంటే అవి ప్రచురించిన దరఖాస్తులు మాత్రమే, మంజూరైతే బి1 గానీ బి2 గానీ ఉంటుంది. అమెరికాలో పేటెంట్ మంజూరయ్యాక మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకి ఫీజు కడుతూ ఉండాలి, కట్టక మూడు చచ్చిపోయాయి. ఇంకో రెండు పేటెంట్లు, చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ లోపలి స్ప్రింగుల గురించి, మాకు సంబంధమే లేదు.

అక్కడితో ఆగినా బావుండేది. ఆవిడ నా రిమార్కులు పైకి చదివారు. "ఇది మనం చేసినదే, దొరికిపోతాం, మార్చాలి" అని రాసుకున్నా ఒకచోట. నా రాతని ఆరుగురి ముందు ఇంకొకరి గొంతులో వినాల్సి వచ్చింది. అమెరికాలో తెలిసి ఉల్లంఘించారని తేలితే నష్టపరిహారం మూడింతలదాకా పెంచే అధికారం కోర్టుకి ఉందట, ఇలాంటి వాక్యం మెయిల్లో తిరిగితే రేపు అదే మీ మీద సాక్ష్యం అవుతుందని నెమ్మదిగానే చెప్పారు. మావాడు కెమెరా ఆపేశాడు. నేను రెండు రోజులు వాడికి ఫోన్ చేయలేదు. కాబట్టి ఎవరైనా ఈ పనికి దిగితే ఒక్క వాక్యం కూడా రాయకముందే లాయర్‌తో మాట్లాడండి, చదవాలా వద్దా అన్నది కూడా వాళ్లనే అడగండి.

మిగిలింది ఒక్కటే, గేమ్ కంపెనీ నింటెండోది, అమెరికా పేటెంట్ నంబర్ 12403397, 2025 సెప్టెంబర్‌లో మంజూరైంది. అప్పట్లో "జీవిని పిలిచి పోరాడించడం మీద పేటెంట్" అని హెడ్డింగులు పెట్టి అందరూ భయపెట్టారు, నేనూ వాటినే నమ్మాను. క్లెయిమ్ చదవకుండా హెడ్డింగు పెట్టేవాళ్లు మాలాంటి చిన్నవాళ్ల నిద్ర చెడగొడుతున్నారు. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా పేటెంట్ ఆఫీసు డైరెక్టరే దాన్ని మళ్లీ పరిశీలించమని ఆదేశించారు, కానీ పరిశీలన నడుస్తున్నంత మాత్రాన అది రద్దయినట్టు కాదు.

ఈసారి లాయర్ చెప్పిన పద్ధతిలో మొదటి క్లెయిమ్‌ని ముక్కలు చేసి పక్కపక్కన పెట్టాం. పిలిచిన పాత్ర దిగినచోట శత్రువు ఉంటే ప్లేయర్ ఆదేశాలతో నడిచే పోరు, లేకపోతే ఆ పాత్ర తనంతట తను తిరగడం, తర్వాత ఇంకో బటన్‌తో దాన్ని పంపినచోట శత్రువు ఉంటే దానంతటదే సాగే పోరు. ఈ ముక్కలన్నీ ఒకే గేమ్‌లో ఉంటేనే ఆ క్లెయిమ్ మాటల్లోకి వస్తాం, ఒక్కటి లేకపోయినా రాము. మా రోబోకి ప్లేయర్ ఆదేశాలతో పోరాడే పద్ధతి అసలు లేనే లేదు. అది తేలడానికి రాత్రి రెండయింది. ఆ ముక్క లేదని నేనే మొదట పట్టాను, లాయర్ కూడా మర్నాడు సరేనన్నారు. ఆ మాట మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను.

ఫారంలో "ఎవరి పేటెంట్‌నూ" అన్నచోట "మాకు తెలిసినంతవరకు" అని చేర్చమని అడిగాం, ఒప్పుకున్నారు. ముందే అడిగి ఉండాల్సింది. ఈ ఉదయం పాత ఫైళ్లలోంచి బుల్లి ఆటని తెచ్చి మళ్లీ కలిపాను. మావాడు దాని రంగులు మార్చాలంటున్నాడు, ఈసారి వాడు చెప్పిందే చేస్తున్నా.