రెండో దెబ్బ, నాలుగో దెబ్బ

"అన్నా, ఈ పాట ఏ సినిమాలోది?" అని పక్క సీట్లో కుర్రాడు చెవిలో అడిగాడు. రవీంద్రభారతిలో ఈ సాయంత్రం, నాటకం సగంలో ఉండగా. సినిమాది కాదు తమ్ముడూ, ఈ నాటకం కోసమే కట్టారు అన్నాను.

మరి సినిమా పాటలా ఎందుకుంది?

ఆ తర్వాత నా చూపంతా డ్రమ్మర్ ఎడమ చేతి మీదే. నాలుగు లెక్కల్లో రెండో దానికీ, నాలుగో దానికీ స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద దెబ్బ. కింద బేస్ గిటార్ అవే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తోంది. వేదిక మీది అమ్మాయి చెంపకు అంటించిన మైకులో గుసగుసగా పాడుతోంది. ఆ మైకు లేకపోతే గొంతు మూడో వరుస దాటదు.

పద్యనాటకంలో హార్మోనియం నటుడి వెంట నడుస్తుంది. ఆయన రాగం ఎంతసేపు లాగితే అంతసేపు ఆగుతుంది. డ్రమ్స్ ఎవరి కోసమూ ఆగవు. ఎంత దుఃఖమొచ్చినా పాత్ర ఆ దెబ్బల మధ్యే ఏడవాలి. నాకు పద్యమంటే ప్రాణం, అయినా ఈ బిగువు కూడా నచ్చింది.

ఇలా డ్రమ్స్, గిటార్లతో నడిచే రాక్ సంగీత నాటకం 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' 1970లో ముందు రికార్డుగా వచ్చి, 1971లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే ఎక్కింది. అంటే పాటలు చెవికెక్కాకే వేదిక మీదికి వచ్చాయన్నమాట.

ఇవాళ్టి పల్లవి మూడోసారి వచ్చినప్పుడు డ్రమ్స్ ఆపేశారు. అవే మాటలు, ఒక్క కీబోర్డు. మొదటిసారి పెళ్లికూతురి సంబరంలా విన్న మాటలు ఈసారి గొంతులో అడ్డుపడ్డాయి. హాల్లో ఒక్క ఫోను వెలగలేదు.

లక్డీకాపూల్ మెట్రో మెట్లెక్కుతుంటే ఆ కుర్రాడు నా ముందే ఉన్నాడు. అదే పల్లవి కూనిరాగం తీస్తున్నాడు.