తెలుగు అక్షరాన్ని ఎంత వాల్చాలి? నా ఇటాలిక్ ఫాంట్ పని ఇక్కడిదాకా

ఇంగ్లిష్‌కీ తెలుగుకీ కలిపి ఒక ఇటాలిక్ ఫాంట్, అంటే పక్కకి వాలిన అక్షరాల ఫాంట్, గీస్తున్నాను. ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలు పూర్తయ్యాయి. పెద్దబడివి నిలువుగానే ఉన్నాయి, వాటిని అలాగే వదిలేస్తున్నాను. ఇది నా సొంత తెలివేమీ కాదు. మొత్తం ఇటాలిక్‌లో అచ్చయిన తొలి పుస్తకం 1501లో వెనిస్‌లో ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్ వేసిన రోమన్ కవి వర్జిల్ కావ్యాలు. ఆ అచ్చులు చెక్కిన ఫ్రాన్చెస్కో గ్రిఫో కూడా పెద్దబడి అక్షరాల జోలికి పోలేదు. అప్పటి పండితులు, గుమాస్తాలు గబగబా రాసుకునే చేతిరాతే ఇటాలిక్‌కి మూలం. అందుకే అందులో వాలు కంటే రాత ముఖ్యం. ఇంగ్లిష్ ‘ఎ’ రూపమే మారిపోతుంది, ‘ఎఫ్’ కాలు చాలాసార్లు గీత కిందికి దిగుతుంది, అక్షరాలు ఇరుకవుతాయి. నిలువు ఫాంట్‌ని పక్కకి తోస్తే వచ్చేది వేరే సరుకు.

నేను చేసే పద్ధతి ఇది. 3.8 మిల్లీమీటర్ల వెడల్పు పాళీ ఉన్న పైలట్ పారలల్ పెన్నుని 45 డిగ్రీల్లో పట్టుకుని రాస్తాను. చిన్నబడి అక్షరం ఎత్తు పాళీకి 5 రెట్లు, అంటే 19 మిల్లీమీటర్లు. మామూలు ఎ4 కాగితం మీద సిరా పాకుతుంది కాబట్టి బెంగళూరు అవెన్యూ రోడ్డులో కాస్త నునుపైన కాగితం కొన్నాను. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఫాంట్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో 1000 యూనిట్ల (ఫాంట్ లోపలి కొలత) గళ్ళ మీద దాన్ని చూస్తూ గీస్తాను. ఆటోమేటిక్ ట్రేసింగ్ వాడను. అది ఔట్‌లైన్ మీద అవసరం లేనిచోట్ల కూడా చుక్కలు పెట్టేస్తుంది, వాటిని ఏరుకునే టైములో చేత్తోనే గీసేయొచ్చు. వాలు 9 డిగ్రీలు.

అసలు పని తెలుగుతో మొదలైంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, సురన్న, రామభద్ర లాంటివాటికి విడిగా ఇటాలిక్ లేదు. బటన్ నొక్కితే నిలువు అక్షరాన్నే బ్రౌజరు వాల్చి చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి ఆ మోసం కొంతవరకు చెల్లుతుంది. మనవన్నీ గుండ్రాలు. 80 యూనిట్ల మందం ఉన్న ‘ర’ని 9 డిగ్రీలు తోసి చూడండి. కుడి పైన, ఎడమ కింద ఆ మందం దాదాపు 87 అవుతుంది, మిగతా రెండు మూలల్లో 74కి పడిపోతుంది. పాళీతో రాసిన హెచ్చుతగ్గులా ఉండదు, నలిగిన గాజులా ఉంటుంది.

వత్తులది ఇంకో తంటా. అక్షరాలు కూర్చునే గీతకి, అంటే బేస్‌లైన్‌కి, 700 యూనిట్ల పైనున్న తలకట్టు కుడికి 111 జరిగితే, 350 కిందున్న వత్తు ఎడమకి 55 జరుగుతుంది. ఒకదానికొకటి తగలవు గానీ, ‘అప్పన్న’ అని కొట్టి చూస్తే ‘న’ వత్తు ‘ప’ కిందికి పోతున్నట్టు అనిపిస్తుంది. కంటికి వత్తు తన అక్షరం నుంచి విడిపోయినట్టే.

అందుకని తెలుగుకి వాలు 5 డిగ్రీలకి తగ్గించాను. వత్తుల్ని దాదాపు నిలువుగా ఉంచి 30 యూనిట్లు కుడికి జరిపాను. ఒక్క ‘య’ వత్తుని మాత్రం కదపలేదు. అది అసలే కుడికి చాచుకుని ఉంటుంది, ఇంకాస్త జరిపితే ‘సౌభాగ్యవతి’లో పక్కనున్న ‘వ’ని పొడుస్తుంది. వాలు తగ్గినా చేతిరాత చలవ తలకట్టులో కనిపించాలి. దాన్ని పాళీతో కొత్తగా రాశాను, కింద సన్నగా మొదలై పైకి పోతూ లావెక్కేలా. పక్క ఫ్లాట్‌లో ఉండే కన్నడ డిజైనర్ అది చూసి తన లిపికి కూడా పనికొస్తుందా అని అడిగాడు. వాళ్ళ తలకట్టు అడ్డంగా సాగి కుడి చివర వంపు తిరుగుతుంది కాబట్టి అది వేరే లెక్క. వత్తుల కష్టం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

సుల్తాన్‌పేటలో తెలుగు మాట్లాడే పెళ్ళికార్డుల షాపాయన దగ్గరికి నమూనా పట్టుకెళ్ళాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు వరుసని కాసేపు చూసి, “బాగుంది సార్, కానీ చి.ల.సౌ. తర్వాత పేర్లు మాత్రం నిలువుగా పెట్టండి. పెద్దవాళ్ళు కార్డు దూరంగా పట్టుకుని చదువుతారు” అన్నాడు. నాకు నచ్చిన సలహా. ఇటాలిక్ ఎప్పుడూ పేజీ మొత్తానికి కాదు. శుభవచనం, పద్యం, ఫొటో కింద మాట, విందు వివరాలు, అంతవరకే. 14 పాయింట్లకి తగ్గితే ‘ఘ’, ‘ఝ’ లోపలి ఖాళీలు పూడిపోతున్నాయి. మెరిసే రేకు అద్దే ఫాయిల్ అచ్చుకైతే ఇంకా పెద్దగా ఉండాలి.

ఆ షాపులో డిజైన్ సాఫ్ట్‌వేర్ పాతది, యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు విడిపోతాయి. అందుకని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అక్షరాల్ని ఔట్‌లైన్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చాను. ఇలాంటి షాపుకి ఫైలు పంపేవాళ్ళు అలాగే పంపండి, ఫాంట్ ఇన్‌స్టాల్ చేయమని అడగొద్దు.

ఇక మిగిలింది క్రారావడి, అంటే ‘ర’ వత్తు. ‘శ్రీ’లో అది ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి 30 యూనిట్ల సూత్రం దానికి పనిచేయట్లేదు. ‘స్త్రీ’లో ‘త’ వత్తుతో కలిసి వస్తే మరీ ఇరుకు. ఆ జంటకి విడిగా ఒక గ్లిఫ్ (అక్షర రూపం) గీసి, ఏ జంటకి ఏ రూపం రావాలో చెప్పే ఓపెన్‌టైప్ నియమాల్లో కలపాలి. అక్షరాల మధ్య ఎడం సరిచేసే కెర్నింగ్ ఆ తర్వాతే.